పదిహేను బకెట్ల కాగు

ఆ మంగళవారం పొద్దున పై ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: పొయ్యి పక్క కుర్చీలో తాత తోర్షెల్, గుమ్మం దగ్గర బూట్లకు కొవ్వు రాస్తున్న నాన్న షూర్, బంగాళాదుంపలు తొక్క తీస్తున్న అమ్మ మార్గిత్, ఉత్తరాలు ఇవ్వడానికి వచ్చి కాఫీ కోసం ఆగిపోయిన ఒడ్మున్, అటక మెట్ల మీద మోకాళ్ళకు డైరీ ఆనించుకుని కూర్చున్న గూరి. పిల్లిని కూడా కలుపుకుంటే ఆరుగురు. గూరికి పదిహేనేళ్ళు. ఆ ఆరుగురిలో అందరికన్నా తక్కువ నోరున్నది పిల్లి మాత్రం కాదు.

రేడియోలో నార్వే పడమటి తీరమంతా వాన అని చెబుతున్నారు. తాత దాన్ని ఆపమన్నాడు.

"వాన సంగతి వాడు చెప్పేదేంటి, నా మోకాలు నిన్ననే చెప్పింది. గురువారం బీరు కాస్తున్నాం. గూరీ, మనింట్లో ఉన్న చిన్న కాగులో ఎన్ని బకెట్ల నీళ్ళు పడతాయి?"

"పది, తాతా. నిన్న నేనే కొలిచాను."

"ఏ బకెట్టుతో?"

గూరి డైరీలో పేజీ తిప్పింది.

"దూడకు పాలు పట్టే బకెట్టుతో," అంది అమ్మ తలెత్తకుండా. "నేను చూశాగా."

ఒడ్మున్ కాఫీ కప్పులోకి నవ్వాడు. "దూడ బకెట్టుతో కొలిస్తే నా టోపీలో కూడా పది పడతాయి."

గూరి చెవులు కాలిపోయాయి. కొలవడంలో పొరపాటు చేసిందనుకున్నారు అందరూ. పొరపాటు కాదు. పెద్ద బకెట్టు పక్కనే ఉంది. పది అనే మాట రావాలనే ఆమె చిన్నదాన్ని అందుకుంది.

"మంచి బకెట్టుతో కొలిస్తే అందులో పట్టేది ఎనిమిది," అన్నాడు తాత. "అదీ అంచుదాకా. పోనీ పదే అనుకో. పది బకెట్ల బీరుకి పది బకెట్ల వేణ్ణీళ్ళు చాలవే పిచ్చిపిల్లా. బార్లీ తాగింది తాగినట్టే, తిరిగి కక్కదు. అది మూడు తాగుద్ది. ఆవిరి ఒకటి పట్టుకుపోద్ది. వాసనకి వేసే జూనిపర్ కొమ్మలు కాగులో కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి, వాటికీ చోటు కావాలి. అంచుదాకా నింపితే పొంగి పొయ్యి ఆరుద్ది. పదికి పదిహేను. మా నాన్న లెక్క అది."

"చిన్న కాగునే రెండుసార్లు కాద్దాం నాన్నా," అన్నాడు షూర్.

"రెండో కాగు మరిగేదాకా తొట్లో బార్లీ ఏం చేస్తా ఉంటది? నీకోసం పాటలు పాడతా కూర్చుంటదా? చల్లారి పులుస్తది. నీళ్ళు మొదలయ్యాక ఆగకూడదు. పెద్ద కాగు కావాల్సిందే." తాత గూరి ఉన్న వైపు ముఖం తిప్పాడు. రెండేళ్ళుగా ఆయన కళ్ళకు వెలుగూ నీడా తప్ప మనుషులు ఆనడం లేదు. "కింది ఇంటికెళ్ళి మీ బోర్గిల్ అమ్మమ్మని అడిగి రా. ఇస్తానన్నాక మీ నాన్న బండి కట్టుకెళ్తాడు."

బోర్గిల్ తాతకు చెల్లెలు. వాళ్ళ నాన్న పోయినప్పుడు పొలం పంచుకున్నారు, ఆవుల్ని పంచుకున్నారు, గిన్నెలూ దుప్పట్లూ పంచుకున్నారు. పదిహేను బకెట్ల రాగి కాగును మాత్రం కోయలేక ఉమ్మడిగా వదిలేశారు. ఎవరు కాచుకుంటే వాళ్ళింటికి అది వస్తుంది, మళ్ళీ రెండో వాళ్ళు అడిగేదాకా అక్కడే ఉంటుంది. అడగాల్సింది కాచేవాళ్ళు. ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు స్వయంగా వెళ్ళి నోటితో అడగాలి. అడగకముందే కాగును పంపితే, మాకూ ఓ చెంబు పోయండని అడుక్కున్నట్టు.

"నాన్న వెళ్ళి అడిగితే?" అంది గూరి మెల్లిగా.

"నాన్న చిన్నవాడా? ఆ మీసాలు చూడు," అన్నాడు ఒడ్మున్.

తాత నవ్వలేదు. "ఇదే నా చేతి ఆఖరి బీరు. కళ్ళు లేనివాడు కాచి ఊరికి పోయగూడదు. ఈ ఒక్కసారి బోర్గిల్ తాగి, 'బాగుందన్నయ్యా' అంటే చాలు. ఆ తర్వాత తెడ్డు షూర్ చేతిలో పెడతాను. వెళ్ళిరా తల్లీ."

కింది ఇల్లు కొండ దిగువన చూపుకు దగ్గరే, మెలికల దారిలో మాత్రం పావుగంట నడక. గూరి దారి పొడుగునా ఒకటే మాట నెమరేసుకుంది. 'అమ్మమ్మా, గురువారం మేం బీరు కాస్తున్నాం, కాగు కావాలి.' ఏడుసార్లు అనుకుంది. ఏడుసార్లూ బాగానే వచ్చింది.

ఆమెకు భయం కాగు గురించి కాదు. కిందటేడు తొట్లో ఈస్టు వేసినప్పుడు కేక వేయడం గూరి వంతు అయింది. అదీ ఇంట్లో చిన్నవాళ్ళ పనే. గట్టిగా కేక వేయకపోతే ఈస్టు నిద్రపోతుందంటారు. తొట్టి మీద వేసిన కేకను మళ్ళీ కిటికీలు తెరిచి ఒక్కో ఇంటి వైపూ వేస్తారు. ఎవరి వైపు కేక వినిపిస్తే వాళ్ళు మూడో రోజు రుచి చూడ్డానికి రావచ్చు. గూరి గొంతు మధ్యలో విరిగిపోయి కీచుమంది. మూడో రోజు రుచి చూడ్డానికి ఊరంతా చేరిన గదిలో బోర్గిల్, "అది కేకా? ఎలుక తుమ్మిందనుకున్నా!" అంది. గోడలు అదిరేట్టు నవ్వారు. ఆ రోజు నుంచి బోర్గిల్ ఎక్కడ కనిపించినా, చర్చిలో అయినా సరే, "ఏమే ఎలుకపిల్లా" అనే పిలుస్తుంది. వినీ వినీ బడిలో పిల్లలు కూడా ఎత్తుకున్నారు.

కింది ఇంటి రాతి గోడ దగ్గర తలుపు కొయ్య మీద చెయ్యి వేసిందో లేదో కుక్క మొరిగింది. గూరి గబుక్కున గోడ పక్కన కూర్చుండిపోయింది.

"ఎవరది?" పశువుల కొట్టంలోంచి బోర్గిల్ గొంతు. చెప్పుల చప్పుడు. "ఎవరూ లేరు కదే, ఎందుకా గొంతు చించుకోడం? ఎలుకను చూశావా?"

కుక్కతో అన్న మాటే అది. గూరికీ తెలుసు. అయినా చెప్పుల చప్పుడు లోపలికి పోయేదాకా తడి గడ్డిలో కూర్చుని, తర్వాత వంగి వంగి వెనక్కి నడిచింది.

ఇంటికొచ్చేసరికి ఒడ్మున్ వెళ్ళిపోయాడు. అమ్మమ్మ ఇంట్లో లేదని చెబుదామనుకుంది గూరి. అలా చెబితే రేపు మళ్ళీ వెళ్ళమంటారు. తాత ముఖం ఆమె వైపు ఎత్తి ఉంది.

"ఏమందే?"

"ఇవ్వనంది."

మాట అంత చిన్నది. దూడ బకెట్టులో సగం కూడా నిండదు.

"ఇవ్వనందా?" తాత కుర్చీ చేతులు పట్టుకున్నాడు. "ఎందుకంట?"

"వాళ్ళకే కావాలంట."

"దానికెందుకు? ఈ ఏడు దాని చేలో బార్లీ పండలేదుగా?"

గూరి వంగి తడి బూట్లు విప్పసాగింది. షూర్ లేచాడు. "నేనెళ్ళి అడుగుతాను. అత్త సంగతి తెలియదా, ఏదో విసుగులో అనుంటది."

"కూర్చో," అన్నాడు తాత. "లేదన్న గడప రెండోసారి తొక్కొద్దు. ఉన్న కాగులోనే కాద్దాం." తర్వాత ఎవరితోనూ కాకుండా అన్నాడు. "నా ఆఖరి బీరని దానికి తెలుసు."

ఆ సాయంత్రం డైరీలో గూరి 'వాన' అని రాసింది. ఇంకేం రాయలేక పుస్తకం మూసేసింది.

గురువారం తెల్లవారగానే పెరటి వంటపాకలో పొయ్యి వెలిగించారు. షూర్ చిన్న కాగును కొక్కేనికి తగిలించాడు. తాత వేలి కణుపుతో దాన్ని కొట్టి విన్నాడు. పెద్ద కాగు గంటలా మోగుతుంది. ఇది టంగుమని ఊరుకుంది. గూరి జూనిపర్ కొమ్మలు పరిచి నీళ్ళు పోసింది. ఈసారి మంచి బకెట్టుతోనే. ఏడోది పోస్తుండగానే అంచు దగ్గరికొచ్చేసింది.

"ఎన్ని పట్టాయి?"

"ఏడు."

తాత తల ఊపాడంతే.

నీళ్ళు మరిగాయి. తొట్టి అడుగున కొమ్మలు, వాటి మీద మొలకెత్తించి ఎండబెట్టి తిరగలిలో విసిరిన బార్లీ. షూర్ చెంబుతో వేణ్ణీళ్ళు పోస్తుంటే తాత తెడ్డుతో కలిపాడు. బార్లీ తాగింది. తాగుతూనే ఉంది. తాత చెప్పినట్టే మూడు బకెట్లు ఎటుపోయాయో తెలియలేదు. మిగిలినవి పోశాక కింద కన్నంలోంచి గోధుమరంగు ధార మొదలైంది. తాత పీట మీద కూర్చుని ఆ ధార చప్పుడే వింటున్నాడు. రెండు బకెట్లు నిండి మూడోది సగమయ్యాక చప్పుడు సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

"పొయ్యండి," అన్నాడు తాత.

"కాగులో లేవు నాన్నా. మళ్ళీ పెట్టాను. ఇంకా మరగలేదు."

"ఎంతసేపు?"

"అరగంట పైనే."

ఆ అరగంటా తాత మధ్యమధ్యలో తొట్టి పక్కన అరచెయ్యి ఆనించి చూశాడు. మొదట గబుక్కున తీసేసేవాడు. తర్వాత కాసేపు ఉంచగలిగాడు. చివరికి ఆవు కడుపు మీద ఉంచినట్టు ఉంచేశాడు, తీయలేదు. గూరి కట్టెలు ఎగదోస్తూ ఆ చెయ్యినే చూసింది. 'తాతా, కాగు అడగలేదు, ఇప్పుడైనా నాన్న బండి కట్టుకెళ్తే తేవచ్చు' అని చెప్పడానికి అరగంట ఉంది. పొగకు కళ్ళు మండాయి. పొగ వల్లేనని అమ్మ అనుకుంది.

మొత్తం ఆరు బకెట్లు వచ్చింది. చివరి మూడూ గడ్డి కడిగిన నీళ్ళలా ఉన్నాయి.

సాయంత్రానికి అది మోచెయ్యి ముంచితే ఓర్చుకునేంత వేడికి దిగింది. మేకుకు వేలాడుతున్న ఈస్టు కంకణాన్ని తాత దించాడు. చెక్కముక్కలు గుచ్చి అల్లిన ఆ దండ నిండా కిందటేటి బీరు ఈస్టు ఎండి ఉంది. ఆయన తాత నాటి నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చినదే. దాన్ని తొట్లోకి వదిలాడు.

"వెయ్యి తల్లీ, కేక."

గూరి వేసింది. ఏం జరిగిందో ఆమెకే తెలియదు. రెండు రోజులుగా గొంతులో అడ్డం పడినదంతా ఒక్కసారే బయటికొచ్చింది. పాక చూరు మీది కాకులు లేచిపోయాయి.

"అమ్మో, ఇదెక్కడిదే?" అన్నాడు షూర్.

తాత ముఖం విప్పారింది. "అదీ కేకంటే! ఇక కిటికీలు తెరువు. పై వైపు ఒకటి, ఏటి వైపు ఒకటి." తర్వాత గొంతు తగ్గించాడు. "కింది వైపు వద్దు."

ఆమె పై వైపు వేసింది. ఏటి వైపు వేసింది. మూడో కిటికీ గడియ మీద చెయ్యి వేసి అమ్మ తాత వైపు తిరిగి ఉంది. ఆ అద్దంలోంచి కింది ఇల్లు కనిపిస్తోంది. బోర్గిల్ గుమ్మం బయటికొచ్చి నిలబడి ఉంది. వాన పడుతోంది. ఆమె చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని కొండ పైకి, ఇటే చూస్తోంది.

"కింద ఎవరన్నా బయటికొచ్చారా గూరీ?" తాత అడిగాడు. తనకు కనపడనిది ఆయన గూరినే అడుగుతాడు, రెండేళ్ళుగా.

"లేరు తాతా. ఎవరూ లేరు."

శనివారం జనం వచ్చారు. తాత కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, ఆదివారం చొక్కా వేసుకున్నాడు. చెక్క గిన్నె చేతులు మారింది. ఒకరు గుటక వేసి పక్కవాళ్ళకిచ్చారు. ఇంకొకరు గడ్డం తుడుచుకుని, పైకప్పు రాళ్ళు కొత్తవి వేయించారా అని అడిగారు. ఏటి అవతలి ముసలాయన ఈ ఏడు చలి ముందే వచ్చేట్టుందన్నాడు.

"ఒంటికి మంచిది," అన్నాడు ఒడ్మున్. "తేలిగ్గా ఉంది."

ఆ ఊళ్ళో బీరు బాగుంటే బీరు గురించే మాట్లాడతారు. అది తాతకు తెలియనిది కాదు. గిన్నె ఆయన దగ్గరికొచ్చింది. తాగి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బోర్గిల్ ఉంటే నిజం చెప్పేది," అన్నాడు.

ఒకరొకరే టోపీలు వెతుక్కున్నారు.

ఒడ్మున్ సైకిల్ తీస్తుంటే గూరి అతని సంచి అందించింది. అతను గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం గూరీ, మంగళవారం నిన్ను పంపారుగా, మరి పెద్ద కాగు అడగలేదేం మీరు? ముసల్ది సోమవారం నుంచీ దాన్ని తోముతానే ఉంది. ఎవరూ రాలేదేమని నిన్న నన్నడిగింది. మీ తాతకి తన మీద కోపమా అని కూడా అడిగింది. నేనేం చెప్పను?"

"తాతకి చెప్పావా ఈ మాట?"

"లేదు. ఎందుకు, చెప్పాలా?"

గూరి లోపలికెళ్ళి మూత ఉన్న చెక్క కూజాలో బీరు పోసుకుంది. ఎక్కడికని అమ్మ అడిగినా వినిపించుకోకుండా కింది దారి పట్టింది. ఈసారి దారిలో ఏ మాటా నెమరేసుకోలేదు. కుక్క మొరిగింది. మొరగనిచ్చి తలుపు కొట్టింది.

బోర్గిల్ తలుపు తీసింది. ఎలుకపిల్లా అనలేదు.

"రా లోపలికి. తడిశావ్."

నడవలోనే ఉంది కాగు. గోడవారగా, శుభ్రమైన గోనె మీద. ఉప్పూ వెనిగరూ పెట్టి తోమినట్టుంది, కొత్త నాణెంలా మెరుస్తోంది. దాని నిండా జూనిపర్ కొమ్మలు. లేతవి, కాయలున్నవి, ఏరి కోసినవి. కోసి ఐదారు రోజులైనట్టుంది, అంచుల దగ్గర ఆకు రాలి రాగి మీద పడి ఉంది.

బోర్గిల్ కూజా అందుకుని మూత తీసి ఒక గుక్క తాగింది. నోట్లోనే ఉంచుకుని కాసేపటికి మింగింది.

"దీన్ని చిన్న కాగులో కాచారు," అంది. "మధ్యలో నీళ్ళు ఆగాయి. మా అన్నయ్య ఇట్టా ఎందుకు చేశాడు? పెద్దది ఇక్కడుండగా?"

"నేను చెప్పాను," అంది గూరి.

"ఏంటి? గట్టిగా చెప్పవే, చెవులు సరిగా పనిచెయ్యవు నాకు."

"నువ్వు ఇవ్వనన్నావని చెప్పాను."

"వినపళ్ళా."

"నువ్వు కాగు ఇవ్వనన్నావని తాతకి అబద్ధం చెప్పాను!" గురువారం వేసిన కేక కంటే అది చిన్నదేం కాదు. బయట కుక్క మొరగడం ఆపింది. "మంగళవారం నీ గోడ దాకా వచ్చి, అడక్కుండా వెళ్ళిపోయాను!"

బోర్గిల్ కూజాను కాగు పక్కన నేల మీద పెట్టింది. నడుం ఎత్తడానికి కొంచెంసేపు పట్టింది.

"గురువారం కేకకి నేను బయటికొచ్చి నిలబడ్డా. రెండు వినపడ్డాయి, మూడోది రాలేదు. నన్ను చూశావా నువ్వు?"

"చూశాను."

"మా అన్నయ్య అడగలేదా, నేనున్నానా అని?"

"అడిగాడు." గూరి కాగు వైపు చూసింది. దాని పొట్ట మీద ఇద్దరూ పొట్టిగా, వంకరగా కనబడుతున్నారు. "ఎవరూ లేరని చెప్పాను."

"ఎందుకే?"

"నువ్వు ఎలుక అంటావని."

బోర్గిల్ పెదాలు నవ్వబోయినట్టు కదిలాయి కానీ నవ్వు రాలేదు. ఒక్క నిమిషంలో ఆమె బాగా ముసలిదైపోయినట్టనిపించింది గూరికి. గోడకున్న శాలువా తీసి కప్పుకుంది. చేతికర్ర వెతుక్కుంది. కూజా మళ్ళీ అందుకుని, మూత బిగించి చంకలో పెట్టుకుంది.

"అమ్మమ్మా, ఆగు. నేనూ వస్తా. తాతకి నేనే చెప్తా."

"వద్దు. నా మాట ఒకసారి మోశావుగా," అంది బోర్గిల్. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది గూరికి. "అన్నాచెల్లెళ్ళం, మా కాళ్ళు ఇంకా ఆడుతున్నాయి. మా మాటలు మేమే మోసుకుంటాం. నువ్వు ఇక్కడే ఉండు."

గూరి ఒక అడుగు ముందుకేసింది. బోర్గిల్ వానలోకి దిగి, వెనక్కి చూడకుండా తలుపు లాగి మూసింది.